వాలీబాలు వీరుడు జిమ్మీ జార్జి

రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి, కొంత చదును నేల యున్నచో వాలీబాలు ఆటకు చాలును. 1895లో అమెరికాలో విలియం మోర్గన్ కల్పించిన యీ క్రీడ మన పల్లెలలో వేళ్లూనుటకు అదియే కారణము. ఈ ఆటలో ఒక చక్కని నియమము కలదు. వలయొద్ద ఎదుటివారి దెబ్బను అడ్డుకొనునప్పుడు తప్ప, ఒకే ఆటగాడు బంతిని వెంటవెంట రెండుమారులు తాకరాదు. ఎంతటి శూరుడైనను తోడివాడు బంతి నెత్తి అందించిననే కొట్టగలడు. కావున ఇందు ఒకని కీర్తి జట్టుకంతటికి కీర్తి. ఒకడు లేకపోవుట అందరికిని లోటు. జిమ్మీ జార్జి జీవితము ఇందులకు నిదర్శనము.

నేటి కేరళ రాష్ట్రమున కన్నూరు జిల్లాలోని పేరావూరు ఆయన స్వగ్రామము. 1955 మార్చి 8వ తేదీన అచట జన్మించెను. తండ్రియే తొలి గురువు. సోదరులు ఎనమండుగురు, అందరును వాలీబాలు ఆడినవారే. జట్టునకు కావలసినది ఆరుగురు గదా! బరిలో ఆరుగురు నిలువగా, ఆ యింట ఇంకను ఇరువురు మిగిలెడివారు. అన్నదమ్ముల నడుమ బంతిని అందించుట, అందుకొనుట నేర్చిన జిమ్మీ 16 ఏండ్ల ప్రాయముననే కేరళ జట్టున చోటు సంపాదించెను.

వల పైకెగిరి, గాలిలో ఒక్క క్షణము నిలిచినట్లే తోచి, బంతిని నేలకు మోదుట ఆయన ప్రత్యేకత. 1974లో టెహరాన్‌లోను, 1978లో బ్యాంకాక్‌లోను జరిగిన ఆసియా క్రీడలలో దేశము పక్షమున ఆడెను. 1976లో అర్జున పురస్కారము లభించెను. కేరళ పోలీసుశాఖలో ఉద్యోగము చేసెను. 1979లో అబూధాబికి, 1982లో ఇటలీకి వెడలి, విదేశములలో వాలీబాలును వృత్తిగా స్వీకరించిన తొలి భారతీయుడయ్యెను.

విదేశమున పేరు గడించినవాడు స్వదేశమును మరచునని కొందరందురు. జిమ్మీ మరువలేదు. 1986లో సియోల్ క్రీడలకు భారతజట్టుతో కూడి ఆడెను. ఆ జట్టు కాంస్య పతకము గెలిచెను. 1962లో జకార్తాలో వచ్చిన రజతము తరువాత, 24 ఏండ్లకు లభించిన పతకమది. 2023 నాటి హాంగ్‌జౌ క్రీడల వరకును పురుషుల జట్టునకు మరల అట్టిది దక్కలేదు.

మరుసటి ఏడే, 1987 నవంబరు 30వ తేదీన, ఇటలీలో జరిగిన కారు ప్రమాదమున జిమ్మీ అస్తమించెను. అప్పటికాయన వయస్సు 32 ఏండ్లు మాత్రమే. తిరువనంతపురమున ఒక క్రీడామందిరము, ఇటలీలోని మోంటికియారి పట్టణమున మరియొకటి ఆయన పేరు ధరించి నిలిచినవి. పరదేశి యొకని పేరు తమ యూరి మందిరమునకు పెట్టుకొనిరనిన, వారికి ఆయనయందుగల మమత ఎంతటిదో ఊహింపవచ్చును.

ఐనను, రాతికట్టడములకంటె జట్టువారే గొప్ప స్మారకములు. ఆయన తమ్ముడు రాబర్ట్ బాబీ జార్జి శిక్షణలో అంజూ బాబీ జార్జి 2003లో పారిస్ ప్రపంచ పోటీలలో దూరపు దుముకునందు కాంస్యము పొందెను. సియోల్ జట్టులో జిమ్మీతో కలసి ఆడిన మన తెలుగు క్రీడాకారుడు పి.వి. రమణ, ఆయన కుమార్తె సింధు 2016లో రియో ఒలింపిక్సున బాడ్మింటను ఆటలో రజతము గెలిచెను. ఒకడు ఎత్తిన బంతిని మరియొకడు అందుకొనుటయే గదా ఆట! చేతినుండి చేతికి సాగు ఆ బంతివలెనే, పోయిన చెలికాని స్మృతియు మిగిలినవారి ఆటలో నేలబడక నిలుచును.