కత్తి నుంచి ధ్వని దాకా

1970. న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి. బల్ల మీద రోగి, తెరిచిన పొత్తికడుపు. సర్జన్ విల్లెట్ విట్‌మోర్ ఒక వేలు మలద్వారంలో ఉంచి, సూది మొన ఎక్కడిదాకా వచ్చిందో తడిమి చూసుకుంటూ ప్రోస్టేట్ గ్రంథిలోకి సూదులు దించుతున్నారు. వాటి గుండా రేడియోధార్మిక అయోడిన్ గింజలు లోపలికి జారుతున్నాయి. ఆయనకు తోడు రేడియేషన్ నిపుణుడు బాసిల్ హిలారిస్. గ్రంథి కంటికి ఆనదు, వేలికి తెలిసినంతే లెక్క. గింజలు ఒకచోట గుమిగూడేవి, ఇంకోచోట ఖాళీ మిగిలేది. ఆ ఖాళీలో క్యాన్సర్ బతికిపోయేది. చాలామందికి జబ్బు తిరగబెట్టింది.

కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన క్యాన్సర్ వైద్యుడు నోరి దత్తాత్రేయుడు తర్వాత చేరింది ఆ ఆసుపత్రిలోనే. హిలారిస్‌తో కలిసి పనిచేశారు.

1983. నకరికల్లు దగ్గరి కండ్లగుంటలో పుట్టి, నరసరావుపేటలో సర్జన్‌గా పేరు తెచ్చుకున్న కోడెల శివప్రసాదరావు ఎన్నికల్లో నిలిచి శాసనసభకు వెళ్లారు. అదే ఏడాది డెన్మార్క్ వైద్యుడు హాన్స్ హెన్రిక్ హోల్మ్ కొత్త పద్ధతిని లోకానికి చెప్పారు: మలద్వారంలో అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఉంచి, తెర మీద గ్రంథిని చూస్తూ, పొట్ట కోయకుండా కింది నుంచే సూదులు దించడం. తడుములాట పోయింది. ప్రోస్టేట్ వైద్యంలో అసలు మలుపు అదేనని నా నమ్మకం. చూడగలిగాకే గురి పెట్టడం సాధ్యమైంది.

1985లో ఎన్టీఆర్ భార్య బసవతారకం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆమె పేరిట హైదరాబాద్‌లో ఆసుపత్రి 2000లో తెరుచుకుంది. నోరి దానికి అండగా నిలిచారు. కోడెల దానికి ఛైర్మన్‌గా పనిచేశారు. ఒక పల్నాటి సర్జన్ అలా క్యాన్సర్ వైద్యానికి ఇల్లు కట్టినవారిలో ఒకరయ్యారు.

ఈలోగా, గ్రంథిని చూపించే ధ్వనితోనే చికిత్స చేసే పరికరాలు కూడా వచ్చాయి. రోగికి మత్తు ఇస్తారు. ప్రోబ్ మలద్వారంలోంచే ధ్వని తరంగాలను ఒక బిందువు దగ్గర కలుపుతుంది. అక్కడ వేడి కొన్ని క్షణాల్లోనే 60 డిగ్రీలు దాటుతుంది, బియ్యపు గింజంత కణజాలం మాడిపోతుంది. మలాశయం గోడ కాలకుండా ప్రోబ్ చుట్టూ చల్లటి నీరు తిరుగుతుంటుంది. గింజ పక్కన గింజగా గడ్డ ఉన్న భాగమంతా కాలుస్తారు. మూత్రం ఆపుకోలేకపోవడం, లైంగిక పటుత్వం తగ్గడం వంటి బాధలు గ్రంథిని మొత్తంగా తీసేసినప్పటికంటే తక్కువ. అసలుండవని మాత్రం కాదు.

ఈ చికిత్స అందరికీ కాదని గట్టిగా చెప్పాలి. క్యాన్సర్ గ్రంథి దాటకూడదు. గ్రంథిలో సున్నపు గడ్డలుంటే ధ్వని లోపలికి పోదు. అమెరికా ఎఫ్‌డీఏ 2015లో ఇలాంటి పరికరాన్ని అనుమతించింది ప్రోస్టేట్ కణజాలాన్ని కాల్చడానికి, క్యాన్సర్ నయం చేస్తుందని కాదు. తర్వాత కూడా పీఎస్‌ఏ రక్తపరీక్ష, ఎంఆర్‌ఐ తప్పవు. నెమ్మదిగా పెరిగే గడ్డకు అసలు చికిత్స అవసరమా అని జీవితమంతా అడిగినవాడు ఆ విట్‌మోరే. 1995లో ప్రోస్టేట్ క్యాన్సరే ఆయన్ను తీసుకుపోయింది.

మాచర్లలోనైనా, గురజాలలోనైనా రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేచే పెద్దాయన ఇంట్లో చెప్పడు. చెప్పినా, ‘వయసొచ్చింది కదా, మామూలే’ అంటారు. ఆ ఇబ్బంది ఎక్కువమందిలో గ్రంథి వాపు వల్లే, క్యాన్సర్ వల్ల కాదు. కానీ ఏదన్నది పరీక్షే తేల్చాలి. నడుం నొప్పి వచ్చేదాకా ఆగితే క్యాన్సర్ వెన్నెముకలో దిగి ఉండవచ్చు. అప్పుడు ఈ తరంగాలకు పనిలేదు. 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపిన దారే ప్రధాన ఆధారం: పురుష హార్మోన్‌ను ఆపడం. అది జబ్బును కొంతకాలం అణచి ఉంచుతుంది, తుడిచిపెట్టదు.