నరమా? నాడియా?

సూదికి దొరకనిది "నరం". మనసు చెదిరినవారిని చూపించేదీ "నరాల" వైద్యుడికే. ఈ తికమక మన ఒక్కరిదే కాదు. గ్రీకు 'న్యూరాన్' మొదట స్నాయువు, అల్లెత్రాడు. మన స్నాయుశబ్దానికి చుట్టమే. క్రీ.పూ. 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ శవాలను కోసి, మెదడునుంచి వెలువడే తంతువులే స్పర్శకూ చలనానికీ మూలమని గుర్తించాడు. వాటికీ ఆ పాత పేరే నిలిచింది.

మన పాఠ్యపుస్తకాలు 'నాడి'ని ఎన్నుకున్నాయి. నా తరగతిలో నాడి మణికట్టున కొట్టుకునేది. పక్కగదిలో సైన్సు మాష్టారికది మెదడు తంతువు. పిల్లలు రెండూ వ్రాసి మార్కులు తెచ్చుకున్నారు లెండి!

1869లో అమెరికా వైద్యుడు జార్జి బియర్డ్ 'న్యూరస్థీనియా' అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. అంటే నరాల బలహీనత. మా పినతల్లి కొడుకు పదేళ్ళు ఆ "బలహీనత"కే టానిక్కులు త్రాగాడు. అది దిగులు జబ్బని ఇంట్లో ఒక్కరమూ అనలేదు. నేనూ అనలేదు.