రాజమండ్రి బ్యాడ్జీలు, మా కాలేజీ ప్రింటవుట్

2008లో, ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా, మా హాస్టల్ మెస్ గురించి ఆర్కుట్‌లో నాలుగు వాక్యాలు రాశాను. సాంబారులో పురుగులొచ్చాయనీ, అడిగితే వార్డెన్ నవ్వాడనీ. మూడో రోజుకి ఆ నాలుగు వాక్యాలూ ప్రింటవుట్ రూపంలో ప్రిన్సిపల్ బల్ల మీద ఉన్నాయి. తుని నుంచి మా నాన్నని పిలిపించారు. ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు. "రాసిచ్చెయ్యరా, సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరున్నాయి" అన్నారు నాన్న. రాసిచ్చాను. నేను రాసినవి అవాస్తవాలనీ, సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు చింతిస్తున్నాననీ. ఆ వ్యవహారం మొత్తంలో నేను రాసిన అబద్ధం ఆ కాగితం ఒక్కటే.

చాలా ఏళ్ల తర్వాత ఆంధ్రలో వందేమాతరం ఉద్యమం గురించి చదువుతుంటే ఆ గది మళ్లీ గుర్తొచ్చింది. మాకు పొరుగునే, దాదాపు నూరేళ్ల ముందు ఇలాంటి గదే ఇంకోటి ఉండేది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్ర పర్యటనకు వచ్చాడు. ముట్నూరి కృష్ణారావు వెంట ఉన్నాడు. విశాఖపట్నంలో మాట్లాడి, కాకినాడ, రాజమండ్రి మీదుగా బెజవాడ, బందరు, మద్రాసు దాకా వెళ్లాడు. మద్రాసు-కలకత్తా రైలుమార్గంలో మా తుని ఒక స్టేషను మాత్రమే. ఉపన్యాసాలన్నీ పెద్ద ఊళ్లలోనే జరిగాయి. రాజమండ్రిలో ఆయన ఇంగ్లీషు ప్రసంగాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో చెప్పేవాడు. కుర్రాళ్లు ఊగిపోయారు. వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వెళ్లారు. ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపల్ మార్క్ హంటర్ అది కుదరదన్నాడు. వినని వాళ్లని సస్పెండ్ చేశారు. ముందు నిలబడ్డవాడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. కర్నూలు కుర్రాడు, ఎం.ఏ. చదివి, టీచరవుదామని ట్రైనింగ్ కాలేజీలో చేరినవాడు. అతన్ని కాలేజీలోంచి తీసేయడమే కాదు, ప్రభుత్వ ఉద్యోగానికి పనికిరాడని ముద్ర కూడా వేశారు.

ఆ మే నెలాఖరున కాకినాడలో కొపల్లె కృష్ణారావు అనే విద్యార్థి, జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ ఎదురైతే వందేమాతరం అన్నాడు. కెంప్ ఆ పిల్లాణ్ణి చితకబాదాడు. ఆ రాత్రి జనం తెల్లవాళ్ల క్లబ్బు మీద పడ్డారు.

రాజమండ్రి కుర్రాళ్లు మాట్లాడింది కాలేజీ గురించి కాదు, దేశం గురించి. మరి ప్రిన్సిపల్‌కి ఎందుకంత కంగారు? సమాధానం అదే మే నెలలో భారత ప్రభుత్వ కార్యదర్శి రిస్లే జారీ చేసిన సర్క్యులర్లో దొరుకుతుంది. విద్యార్థులు రాజకీయాల్లో తిరిగితే ఆ విద్యాసంస్థకి గ్రాంటు ఆగుతుంది, వాళ్లు స్కాలర్‌షిప్పులకి పోటీపడే హక్కు పోతుంది, విశ్వవిద్యాలయ గుర్తింపూ పోవచ్చు. 1905లో బెంగాల్లో కార్లైల్ సర్క్యులర్ మొదలుపెట్టిన పద్ధతే ఇది. ప్రతి కుర్రాడి వెనకా పోలీసుని పెట్టడం అయ్యే పని కాదు. కాలేజీ గొంతు పట్టుకుంటే చాలు, కుర్రాడి నోరు కాలేజీయే మూయిస్తుంది.

మా ప్రిన్సిపల్ విషయంలోనూ ఇంతే అనుకుంటాను. ఆయన భయం ప్రభుత్వం కాదు, ఎంసెట్ కౌన్సెలింగ్. సీట్లు నిండాలంటే పేరు బాగుండాలి. సాంబారు బాగుచేయడం కంటే నాలుగు వాక్యాలు తుడిపించడం చవక. పైగా రాజ్యాంగంలోని 19(1)(ఎ) ఇచ్చే భావప్రకటన హక్కు ప్రధానంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలబడేది. ప్రైవేటు కాలేజీ గదిలో దాన్ని చూపించి గెలవడం కష్టం. ఆన్‌లైన్ రాతలకి జైలు చూపించిన 66ఎ సెక్షన్‌ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లో చెప్పింది. నాకు జైలు భయం ఎప్పుడూ లేదు. ఆ బీరువాలో ఉన్న టెన్త్, ఇంటర్ మార్కుల జాబితాల కోసమే సంతకం పెట్టాను.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మెరుగా అంటే, అదీ చెప్పలేం. 2023లో జేఎన్‌యూ నిబంధనల్లో, తరగతులు జరిగే భవనాల దగ్గర ధర్నా చేస్తే 20,000 రూపాయల దాకా జరిమానా అన్నారు. 2025 మార్చిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం విభాగాల్లో, పరిపాలనా భవనాల్లో ధర్నాలు, నినాదాలు వద్దంది. అధికారులను కించపరిచే నినాదాలూ ఆ జాబితాలో ఉన్నాయి. తెలంగాణ ఉద్యమాన్ని నడిపిన ఆవరణ అది!

అబద్ధపు రాతలతో పరువు తీసేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. ఒక లెక్చరర్ మీద, ముఖ్యంగా ఆడవాళ్ల మీద, పేరు దాచుకుని విషం కక్కే రాతలు నేనూ చూశాను. వాటికి చట్టం ఉంది. కానీ అక్కడ నిజమా కాదా అని విచారిస్తారు. నా ప్రింటవుట్ చుట్టూ కూర్చున్న నలుగురిలో ఒక్కరు కూడా సాంబారులో పురుగు ఉందా లేదా అని అడగలేదు.

గాడిచర్ల తగ్గలేదు. బెజవాడ వెళ్లి 'స్వరాజ్య' పత్రిక నడిపాడు. 1908లో తిరునల్వేలి కాల్పుల మీద అందులో వచ్చిన 'విపరీత బుద్ధి' వ్యాసానికి రాజద్రోహం కేసు పెట్టి మూడేళ్లు జైల్లో వేశారు. బయటికొచ్చాక గ్రంథాలయోద్యమంలోకి దిగాడు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. వయోజన విద్య కోసం ఊళ్లు తిరిగాడు. బడిలో పాఠం చెప్పకూడదని ప్రభుత్వం తేల్చిన మనిషి, బడికి వెళ్లనివాళ్లకి చదువు చెప్పించే పనిలో పడ్డాడు.

ఆయనతో నన్ను పోల్చుకునే ధైర్యం నాకు లేదు. మా నాన్న నిలబడి ఉన్నారు, నేను సంతకం పెట్టాను, డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఎవరైనా కుర్రాడు కాలేజీ గురించి రాసి ఇరుక్కున్నానని చెబితే, "తుడిచెయ్, ఎందుకొచ్చిన గొడవ" అనే మాట నా నోటి దాకా వస్తుంది. ఇప్పుడు దాన్ని ఆపుకుని, ముందు ఇంకో మాట అడుగుతున్నాను: నువ్వు రాసింది నిజమేనా?