వీధిబడి దసరా వరుస నుంచి వార్షికోత్సవం దాకా



పిల్లల బడిలో వార్షికోత్సవం అంటే బడికంటే ముందు మన ఇంట్లోనే హడావిడి మొదలవుతుంది. ఒక తల్లి పట్టుపరికిణీ పొడవు చేయిస్తూ వుంటుంది. ఇంకొక తల్లి అట్టముక్కకు బంగారు కాగితం అంటించి కృష్ణుడి కిరీటం చేస్తూ వుంటుంది. పొయ్యి మీద కూర అడుగంటుతున్నా సరే, పాప నోట పాట చరణం తప్పకుండా పలికేదాకా వదలని వాళ్ళం మనలో చాలామందిమి వున్నాం. ఇంతా చేసి ఆ సాయంత్రం వేదిక మీద మన పిల్ల పేరు పిలిస్తే మన మొహం చేటంతవుతుంది. పిలవకపోతే?

ఆ ప్రశ్న పోయిన ఏడాది మా ఇంటికే వచ్చింది. మా మనవరాలు రెండో తరగతి. వాళ్ళ తరగతిలో పదిమందిని మాత్రం నాట్యానికి ఎంచుకున్నారు. తక్కిన పిల్లలు కింద కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుంటూ అది నన్ను అడిగింది గదా, "అమ్మమ్మా, చప్పట్లు బాగా కొట్టినందుకు బహుమతి ఇవ్వరా?" అని. నాకు చప్పున జవాబు తోచలేదు. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, అసలు మన బళ్ళలో పండుగలు, బహుమతులు ఎలా మొదలయ్యాయో తెలుసుకుంటే తప్ప ఆ పిల్లకు సరైన జవాబు చెప్పలేననిపించింది. ఆ తెలుసుకున్న కబుర్లే ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

మా అమ్మమ్మ తరచు చెప్పే ముచ్చటతో మొదలుపెడతాను. ఆవిడ చిన్నతనంలో వాళ్ళ ఊళ్ళో వీధిబడి ఒక అరుగు మీద నడిచేది. దసరా వచ్చిందంటే బడికి పాఠాలు వుండవు. పిల్లలంతా తలంటు పోసుకుని, కొత్త బట్టలు కట్టుకుని, రంగుకాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు చేతపట్టి వరుసగా బయలుదేరేవారు. వెనక పంతులుగారు. ప్రతి ఇంటి గుమ్మం ముందూ ఆగి దసరా పద్యాలు చదివేవారు. విల్లు లాగి పూలరేకులో, బుక్కానో చల్లేవారు. ఇంటి యజమాని పంతులుగారికి తాంబూలంలో దక్షిణ పెట్టి ఇస్తే, ఇల్లాలు పిల్లల దోసిళ్ళలో పప్పుబెల్లాలు పోసేది.

ఇది మనకు వేడుక. ఆ పంతులుగారికి మాత్రం బతుకుతెరువు. నెలజీతం అంటూ ఖాయంగా లేని రోజుల్లో, తల్లిదండ్రులు నెలనెలా ఇచ్చే కాస్త డబ్బూ, ధాన్యమూ, పండుగలకు వచ్చే ఇలాంటి మామూళ్ళూ కలిస్తేనే ఆయన ఇల్లు గడిచేది. అంతేకాదు, ఊరికి అది ఒక పరీక్ష కూడా. ఎవరి పిల్లవాడి నోరు ఎంత తిరిగిందో, ఎవడికి పద్యం ఎంత వచ్చిందో ఇంటింటా వినిపించేది. గొంతు బాగున్నవాడు ముందు అందుకుంటే, నత్తివాడు కూడా వెనక నుంచి గొంతు కలిపేవాడు. ఆ వరుసలో చోటు లేని బడిపిల్లవాడు లేడు.

కాని మా అమ్మమ్మకు ఆ వరుసలో చోటు లేదు. అన్నయ్య విల్లంబు పట్టుకుని వెళుతుంటే తాను గడప లోపల నిలబడి చూసేదట. పప్పూ బెల్లమూ కలిపి పళ్ళెంలో సర్దడం మాత్రం ఆవిడ పని. బడి మొహం చూడని ఆ మనిషికి ఎనభై ఏళ్ళు వచ్చాక కూడా ఆ పద్యాలన్నీ కంఠతా వచ్చు. అన్నయ్య వల్లె వేస్తుంటే విని నేర్చుకున్నవే.

ఆవిడ ఒక్కతే కాదు, నూరేళ్ళు వెనక్కి పోయినా ఇదే కథ. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, రాజధానిలోని బళ్ళ వివరాలు పంపమని జిల్లా కలెక్టర్లందరినీ అడిగాడు. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన నివేదిక వాటిలో పేరుపొందింది. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. ఆ జిల్లాలో 533 బళ్ళు వున్నాయని, వాటిలో 226 తెలుగు బళ్ళని, 235 కన్నడ బళ్ళని ఆయన లెక్క చెప్పాడు. చదువుకునే పిల్లలు మొత్తం 6,641 మంది. అందులో ఆడపిల్లలు ఎంతమందో తెలుసునా అండీ? అరవై మంది! నూటికి ఒక్కరు కూడా కాదన్నమాట.

ఆ నివేదికలో మనలాంటి తల్లులు చదవవలసిన సంగతులు ఇంకా వున్నాయి. ఐదో ఏట పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు పంతులుగారినీ, బడిపిల్లలందరినీ ఇంటికి పిలిచేవారట. వినాయకుడి చుట్టూ అందరూ కూర్చుంటే, పంతులుగారు పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి నామం దిద్దించేవారు. మన అక్షరాభ్యాసమే అది. అయితే ఇవాళ మనం అది చుట్టాల మధ్య చేసుకుంటున్నాం. అప్పుడు బడి అంతా వచ్చి కొత్తపిల్లవాణ్ణి తమలో కలుపుకునేది.

ఇంకొకటి వినండి. పొద్దున్నే అందరికంటే ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో 'సరస్వతి' అని రాసేవారట, గౌరవంగా. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి నెమ్మదిగా ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ వెనక వచ్చినవాళ్ళకు అలా పెరుగుతూ పోయేవి. దెబ్బల సంగతి నాకు రవంతైనా నచ్చలేదు లెండి. చిన్నచేతుల మీద బెత్తం ఆడించడం ఏ కాలంలోనూ మంచిది కాదు. కాని ఆ మొదటి బహుమతి మాత్రం చూడండి. అందులో కప్పు లేదు, కాగితం లేదు. తెలివిగలవాడికే దక్కాలనీ లేదు. ఇవాళ రానిది రేపు పెందలాడే లేస్తే వస్తుంది. సాయంత్రానికి చెరిగిపోతుంది కనక, మర్నాడు మళ్ళీ అందరికీ అవకాశమే.

ముందు నేర్చిన పిల్లవాడు వెనకవాడికి నేర్పే పద్ధతి కూడా మన వీధిబళ్ళది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయం చూసుకోవడానికి వచ్చిన ఆండ్రూ బెల్ అనే ఆయన, ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ముచ్చటపడ్డాడు. అది తన బడిలో పెట్టించి, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చదువు చెప్పించాడు. 1797లో లండనులో దాని గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దాన్ని 'మద్రాసు పద్ధతి' అనే పిలిచారు. ఆ పద్ధతిలో, పక్కవాడికి నేర్పగలిగినవాడే బాగా చదివినవాడు. పక్కవాణ్ణి వెనక్కి నెట్టడం గొప్ప కాదు.

మరి ఈ పోటీ ఎక్కడినుంచి వచ్చింది? 1860లలో మద్రాసు రాజధానిలో బళ్ళకు ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి ఒక్కొక్క పిల్లవాణ్ణీ పరీక్షిస్తారు. ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. పంతులుగారి కూడు ఇప్పుడు ఊరివాళ్ళ తాంబూలం మీద గాక, పిల్లవాడి జవాబు మీద ఆధారపడింది. అర్థమైనా కాకపోయినా అప్పజెబితే చాలు. 1904 నాటి విద్యావిధాన తీర్మానం కాలానికి ప్రభుత్వమే దాన్ని వదులుకుంది. పద్ధతి పోయినా వాసన మాత్రం మిగిలిందనిపిస్తుంది నాకు. ఇవాళ మనం కూడా పిల్లలు ఇంటికి రాగానే "ఎన్ని మార్కులు?" అంటాంగాని, "ఇవాళ ఏం నేర్చుకున్నావమ్మా?" అని ఎంతమందిమి అడుగుతున్నాం?

అయితే పాతకాలమంతా మంచిదనీ, కొత్తకాలం చెడ్డదనీ నేను అనను. ఆ కొత్తకాలమే గడప లోపల నిలబడిన ఆడపిల్లను చెయ్యిపట్టి బయటికి తీసుకువచ్చింది. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆడపిల్లకు చదువెందుకని పెద్దలు మొహం చిట్లించే రోజులవి. నిజాము రాజ్యంలో, పైచదువులు ప్రధానంగా ఉర్దూలో సాగే కాలంలో, 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదులో తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల నెలకొల్పారు. అక్కడి పరీక్షలకు గుర్తింపు దొరకక, పూనాలోని కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం ద్వారా పిల్లల్ని పరీక్షలకు కూర్చోబెట్టవలసి వచ్చింది. ఇవాళ మన అమ్మాయి వేదిక ఎక్కి బహుమతి అందుకుంటుందంటే, ఆ మెట్లు కట్టినవాళ్ళు వీళ్ళు. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం, ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ వరకు ప్రతి బిడ్డకూ చదువు హక్కని చెప్పింది. ఆ అరవైమంది నుంచి ఇక్కడిదాకా నడిచాం.

అందరికీ చోటిచ్చే వేడుకలు మన కాలంలోనూ లేకపోలేదు. మద్రాసు రేడియో కేంద్రంలో న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు దంపతులు తెలుగుపిల్లల కార్యక్రమాలు నడిపారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే తెలియని ఇల్లు లేదు. తర్వాత హైదరాబాదు కేంద్రం నుంచీ వాళ్ళ గొంతులు విన్నాం. పాటో, పొడుపుకథో, పిట్టకథో ఏదో ఒకటి పిల్లలే వచ్చి మైకు ముందు చెప్పేవారు. గొంతు వణికితే ఆ వణుకే మనకు ముద్దుగా వినిపించేది.

రోజూ ప్రార్థన సమయంలో బడిపిల్లలంతా చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞ వుంది చూశారూ, అది రాసింది మన తెలుగాయనే. నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా వుండగా తెలుగులో రాశారు. దేశమంతటా బడిపిల్లల నోట పలుకుతున్నా, చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే కనబడలేదు. ఆ ప్రతిజ్ఞకు మొదటి వరుస, చివరి వరుస లేవు. ఫస్టుమార్కు పిల్లదీ, తప్పిన పిల్లదీ ఒకటే గొంతు.

తెలంగాణలోని బళ్ళలో దసరా సెలవులకు ముందు ఆడే బతుకమ్మను చూడండి. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించారుగాని, అది ఎన్ని తరాలుగానో ఆడవాళ్ళు తమకై తాము నిలుపుకున్న పండుగ. తంగేడు, గునుగు పూలు పేర్చి మధ్యలో పెట్టి చుట్టూ తిరుగుతారు. గుండ్రంగా తిరిగేచోట ముందెవరు, వెనకెవరు? పాట రానిదానికి పక్కపిల్ల అందిస్తుంది. అడుగు తప్పినదాన్ని వెనకపిల్ల సర్దుతుంది. మగపిల్లల దసరా వరుసలో చోటులేని మన ఆడపిల్లలకు ఈ వలయంలో ఎప్పుడూ చోటుంది.

కనక సోదరీమణులారా, నాకు తోచిన రెండుమూడు మాటలు చెప్పి ముగిస్తాను. మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు, ఫీజులూ మార్కులూ మాట్లాడాక ఇది కూడా అడగండి. వార్షికోత్సవంలో పదిమంది నాట్యంతోపాటు, తరగతి పిల్లలంతా కలిసి పాడే పాట ఒక్కటైనా పెట్టమనండి. ఒక్కొక్క పిల్ల చేత ఒక్కొక్క వాక్యమైనా పలికించమనండి. మొదటి మార్కుకు బహుమతి ఇస్తే ఇవ్వనీయండి. కష్టపడ్డదానికి కష్టఫలం దక్కాలి గదా. దానితోపాటు రోజూ వేళకు వచ్చిన పిల్లకూ, పక్కపిల్లకు లెక్క నేర్పిన పిల్లకూ ఏదో ఒకటి ఇమ్మనండి. దుస్తులకు డబ్బు కట్టలేని తల్లి వుంటే, మన ఇంటి బీరువాలో పొట్టిదైన పట్టుపరికిణీ మనల్ని చూసి నవ్వుతూనే వుంటుంది, అది పంపండి.

పేరు పిలవని రోజున పిల్లను పోల్చవద్దు. "ఎదురింటి అమ్మాయిని చూడు" అన్నమాట పిల్ల మనసులో ముల్లులా దిగబడుతుంది. ఆ సాయంత్రం దాని చేత ఆ పాట ఇంట్లో పాడించుకుని వినండి. వినేవాళ్ళు ఇద్దరైనా అది కూడా సభే.

మా మనవరాలికి నేను ఆలస్యంగానైనా జవాబు చెప్పాను. మా అమ్మమ్మ గడప లోపల నిలబడిన కథ చెబితే, అది కళ్ళు పెద్దవి చేసి, "అయితే ఆ పద్యాలు నాకూ నేర్పు" అంది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నవి నాలుగు పద్యాలు గుర్తున్నాయి. మర్నాటి నుంచి పొద్దున్నే లేపకుండానే లేచి కూర్చుంటోంది. మొదటిరోజు దాని అరచేతిలో కలంతో 'సరస్వతి' అని రాశాను. స్నానం చేసేటప్పుడు పోతుందేమోనని చెయ్యి పైకెత్తి పట్టుకుంది. పోతే పోనీ, రేపు మళ్ళీ రాస్తానని చెప్పాను.