ప్రాక్టికల్స్‌లో పాసవ్వడం లక్కేనా? ఓస్కీ పుట్టిన కథ

రాజవొమ్మంగి అనగానే మనకి గుర్తొచ్చేది 1922 ఆగస్టు 24, పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి. ఈరోజు అదే ఊరు, కథ వేరు.

అక్కడ పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన ఒక తాత ఉన్నాడనుకోండి. ఆయన మళ్లీ అన్నం కలుపుకునేలా, జీడిపిక్కలు ఏరుకునేలా చేసేది ఆక్యుపేషనల్ థెరపిస్ట్. మన దేశంలో ఈ చదువుకి మొదటి స్కూల్ 1950లో బొంబాయి కెఈఎం ఆసుపత్రిలో మొదలైంది. పెట్టింది కమలా నింబ్కర్, పుట్టుకతో అమెరికన్. సరే, చదివినవాళ్లకి పని వచ్చో రాదో తేల్చేదెలా?

పాత పద్ధతి ప్రాక్టికల్స్‌లో ఒక పేషెంట్, ఒకరిద్దరు ఎగ్జామినర్లు. ఈజీ కేసు పడితే గట్టెక్కినట్టే. అచ్చం లాటరీ! స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం వైద్య విద్యార్థుల కోసం దీన్ని మార్చి, 1975లో ప్రచురించింది. వరసగా స్టేషన్లు. ఒకచోట పేషెంట్‌తో మాట్లాడాలి, ఇంకోచోట పరీక్షించి చూడాలి, టైమ్ అవ్వగానే పక్కదానికి జరగాలి. అందరికీ అవే పనులు, ముందే రాసిపెట్టిన చెక్‌లిస్ట్. అదే ఓస్కీ. తర్వాత ఆక్యుపేషనల్ థెరపీలోకీ వచ్చింది. కోడింగ్ చేసినవాడిగా నాకు భలే నచ్చింది: అందరి కోడ్‌కీ ఒకే టెస్ట్ కేసులు.

కానీ ఒక తిరకాసు ఉంది. పేషెంట్‌ని మంచం మీంచి కుర్చీలోకి మార్చి చూపిస్తే మార్కులు పడతాయి. మన తాత కూర్చునేది నేల మీద, వాకిలి దిగితే రాళ్ల దారి. చెక్‌లిస్ట్ తప్పని కాదు, ఎవరి ఇల్లు చూసి రాశారన్నదే నా గొడవ. నేనైతే ఒక స్టేషన్‌లో కుర్చీ తీసేసి చాప వేస్తా. "ఇప్పుడు లేపు" అంటా.