కార్పొరేట్ పాలనలో బోర్డు, యాజమాన్యం

కంపెనీని ఎవరు నడపాలి, నడిపేవారిపై ఎవరి అదుపు ఉండాలి అన్నది తేల్చే నియమాలను, పద్ధతులను కలిపి కార్పొరేట్ పాలన అంటారు. వాటాదార్లు డైరెక్టర్లను ఎన్నుకుంటారు. డైరెక్టర్ల బోర్డు ఉన్నతాధికారులను నియమిస్తుంది. రోజువారీ వ్యాపారం ఆ అధికారుల, అంటే యాజమాన్యం చేతిలో ఉంటుంది. భారతదేశంలో దీనికి ఆధారం కంపెనీల చట్టం-2013. స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీలకు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు కూడా వర్తిస్తాయి.

బోర్డు

పబ్లిక్ కంపెనీకి కనీసం ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి. బోర్డు ఏడాదికి కనీసం 4 సార్లు సమావేశం కావాలి. రెండు సమావేశాల మధ్య 120 రోజులకు మించి ఎడం ఉండకూడదు. వాటాల జారీ, ఖాతాల ఆమోదం, మరో కంపెనీ కొనుగోలు వంటివాటికి బోర్డు సమావేశంలో తీర్మానం తప్పనిసరి. నమోదిత కంపెనీ బోర్డులో మూడో వంతుకు తగ్గకుండా స్వతంత్ర డైరెక్టర్లు, అంటే యాజమాన్యంతో సంబంధం లేనివారు, ఉండాలి. కంపెనీని స్థాపించిన లేదా దానిపై అదుపు ఉన్న ప్రమోటరే ఛైర్మన్ అయితే సెబీ నిబంధనల ప్రకారం సగం మంది ఉండాలి. ఆడిట్ కమిటీలోనూ వారిదే మెజారిటీ.

యాజమాన్యం

మేనేజింగ్ డైరెక్టర్ లేదా సీఈఓ, సీఎఫ్ఓ, కంపెనీ సెక్రటరీ ఇందులో కీలకం. బోర్డు నిర్ణయాలను అమలు చేయడం, లెక్కలు సిద్ధం చేయడం, బోర్డుకు సమాచారం అందించడం వీరి పని. బోర్డు పర్యవేక్షణ చాలావరకు ఈ సమాచారంపైనే ఆధారపడుతుంది. పర్యవేక్షించాల్సినవారే సమాచారానికి యాజమాన్యం వైపు చూడాల్సి రావడం ఈ ఏర్పాటులోని ప్రధాన బలహీనత.

సత్యం ఉదంతం

హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలో ఈ బలహీనత బయటపడింది. ప్రమోటర్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను 2008 డిసెంబరు 16న బోర్డు ఆమోదించింది. బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నా అది ఆగలేదు. మదుపర్ల ఆగ్రహంతో గంటల్లోనే రద్దయింది. 2009 జనవరి 7న ఛైర్మన్ బి. రామలింగరాజు, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని లేఖలో ఒప్పుకున్నారు. ప్రభుత్వం పాత బోర్డును తప్పించి కొత్తవారిని నియమించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో జరిగిన వేలంలో టెక్ మహీంద్రా కంపెనీని దక్కించుకుంది.

తర్వాతి మార్పులు

2013 చట్టం నమోదిత కంపెనీల ఆడిటర్లకు కాలపరిమితి విధించింది. వాటాదార్లు మూకుమ్మడిగా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించే వీలు కల్పించింది. స్వతంత్ర డైరెక్టరు పదవీకాలం 5 ఏళ్ల చొప్పున వరుసగా రెండు విడతలకు పరిమితమైంది. బోర్డు ప్రక్రియల ద్వారా తెలిసి, తన సమ్మతితోనో ఉపేక్షతోనో జరిగిన తప్పుకు, లేదా తగిన శ్రద్ధ చూపనప్పుడు, అతడూ బాధ్యుడవుతాడు.