బూదికోట బాణం, లండన్ తారాజువ్వ, మన లేత్ షెడ్డు

ఈసారి పోస్టు కొంచెం పొడుగే, టీ తాగుతూ నిదానంగా చదవండి. "మిలిటరీకి సరుకు అమ్మడం మనలాంటి చిన్న షెడ్డువాళ్ళకు అయ్యే పనేనా?" అని మన పిల్లలు అడుగుతున్నారు. ఆ కథ మన పక్క తాలూకాలోనే మొదలవుతుంది.

హైదర్ అలీ పుట్టింది బూదికోటలో. అతని సైన్యం వాడిన బాణాలకు ఇనుప గొట్టాలు ఉండేవి. కాగితం గొట్టంలో మందు గట్టిగా దట్టిస్తే పగిలిపోతుంది, ఇనుము తట్టుకుంటుంది. అందుకే అవి దూరం పోయేవి. 1780లో పొల్లిలూరు దగ్గర కుంపిణీ సైన్యం వీటి దెబ్బ రుచి చూసింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కొన్ని బాణాలు ఓడెక్కి ఇంగ్లండు చేరాయి.

అక్కడ విలియం కాంగ్రీవ్ అనే ఆయన చేసిన పని చూడండి. 1804 ప్రాంతంలో లండన్ బజారులో దొరికే తారాజువ్వల్లో మంచివి కొని పేల్చి చూశాడు. 600 గజాలు దాటలేదు. మైసూరువి అంతకంటే చాలా దూరం పోయేవని ఆయనకు తెలుసు. సొంత డబ్బు కొన్ని వందల పౌండ్లు పోసి 1500 గజాలు పోయేది తయారుచేశాడు. అప్పుడు సర్కారు దగ్గరికి వెళితే, వూల్‌విచ్ ఆయుధశాలలో పెద్దవి చేయించుకోమన్నారు. 1805లో బులోన్ రేవు మీద వేయబోతే గాలి అడ్డొచ్చింది. 1806 అక్టోబరులో అదే రేవు మీద వేశారు. బజారు సరుకు నుంచి యుద్ధం దాకా రెండేళ్ళు, అంతే!

అంత తొందరగా ఎలా అయ్యింది? తెలివి ఉంది, నిజమే. కానీ వూల్‌విచ్ ప్రయోగశాలకు పెద్ద అధికారి ఎవరనుకున్నారు? వాళ్ళ నాన్నే. గేటు లోపలినుంచి తెరుచుకుంది. అందరికీ అలాంటి నాన్న ఉండడు కదా. అలాంటి నాన్న లేనివాడికి గేటు ఎవరు తీస్తారన్నదే అసలు ప్రశ్న.

మన జిల్లాలో దీనికి ఒక జవాబు కేజీఎఫ్‌లో కనిపిస్తుంది. చైనా యుద్ధమైన రెండేళ్ళకు, 1964లో, బీఈఎంఎల్ పెట్టారు. గని తవ్వే, ఆనకట్ట కట్టే బుల్డోజరే సైన్యానికి కొండ రోడ్డు వేయడానికీ పనికొస్తుంది. కంపెనీ రక్షణ శాఖదే కాబట్టి చాలా ఆర్డర్లు టెండరు లేకుండా నామినేషన్ మీద వచ్చేవి. 1986లో చెకోస్లోవేకియా టాట్రా ట్రక్కుల ఒప్పందం కూడా ఆ దారిలోనే వచ్చింది. ఆ నామినేషన్ వల్ల మన ఇళ్ళలో ఎంతోమందికి అన్నం దొరికింది, దాన్ని తక్కువ చేయము. అయితే ఆ గేటు ఒక్కరికే తెరిచి ఉండేది. పక్కనున్న చిన్న షెడ్డుకు దక్కింది జాబ్ వర్కే. ప్రైవేటువాళ్ళకు రక్షణ తయారీ తెరిచింది 2001లో. బంగారు గని మూసేసిన సంవత్సరం కూడా అదే.

ఇక ఇప్పటి సంగతి. 2018 ఏప్రిల్‌లో ఐడెక్స్ పథకం మొదలైంది. పాత పద్ధతిలో సైన్యం ముందు బోల్టు కొలతతో సహా రాసి, తర్వాత టెండరు పిలిచేది. ఇందులో "మాకు ఈ ఇబ్బంది ఉంది, దారి చూపండి" అని సమస్య మాత్రమే చెబుతుంది. ఎంపికైన చిన్న కంపెనీకి నమూనా చేయడానికి 1.5 కోట్ల దాకా గ్రాంటు ఇస్తారు. తర్వాత పెద్ద పనులకు 10 కోట్లు, 2024 నుంచి అదితి కింద 25 కోట్ల దాకా పెంచారు. నమూనా పరీక్షలో నెగ్గితే మళ్ళీ టెండరు పిలవకుండా కొనే వీలు 2020 కొనుగోలు విధానంలో పెట్టారు. అమెరికావాళ్ళు ఇలాంటి సడలింపు ఒప్పందాలను 1958లో నాసా చట్టంతోనే మొదలుపెట్టారు, మనం అరవై ఏళ్ళు ఆలస్యం.

దీని మీద మాకు సంతోషమూ ఉంది, భయమూ ఉంది. గ్రాంటు ఎంతో అంతకు సమానంగా కంపెనీవాడు కూడా పెట్టాలి. మనవాళ్ళలో ఆ వాటా ఎక్కడినుంచి వస్తుంది? ఇల్లు తాకట్టు, లేదా అమ్మ నగలు. నమూనా నెగ్గడం వేరు, ఆర్డరు చేతికి రావడం వేరు. ఆ రెండింటి మధ్య నెలలు గడుస్తాయి, వడ్డీ మాత్రం ఆగదు. కాంగ్రీవ్ పోయినా పోయేది కొన్ని వందల పౌండ్లే, మనకైతే కాళ్ళ కింద నేల.

తొందర కొనుగోళ్ళకు ఇంకో దెబ్బ కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో 400 డ్రోన్ల ఆర్డర్లు రద్దయ్యాయి, విలువ సుమారు 230 కోట్లు. లోపల చైనా భాగాలున్నాయన్నదే కారణం. చవకగా దొరికిన మోటారు, సర్క్యూటు బోర్డు తెచ్చి బిగించే అలవాటు మన షెడ్లలోనూ ఉంది. ఏ భాగం ఎక్కడిదో బిల్లుతో సహా చూపించలేనివాడు ఈ గేటు దగ్గరికి పోకపోవడమే మేలు.

పెంకులు, ఇటుకలు చేసిన ఊరు మనది, మట్టి కాల్చడం తెలిసినవాళ్ళం. లేత్, సీఎన్‌సీ నడిపేవాళ్ళకూ కొదవ లేదు. ఒక్కరే అప్పు చేయకుండా, నలుగురైదుగురు షెడ్డువాళ్ళు కలిసి ఒకే కంపెనీగా వెళితే వాటా డబ్బు భారం పంచుకోవచ్చు. ఐడెక్స్ సైటులో సైన్యం అడిగిన సమస్యల జాబితా ఉంటుంది. అందులో మన చేతికి అందేది ఏదో గుర్తుపెట్టుకుని వచ్చే ఆదివారం సంఘం ఆఫీసుకు రండి. మీ యంత్రాల వివరాలు, ఇప్పుడున్న లోన్ల లెక్క కూడా తెండి.